చప్పుడొస్తోంది, మాస్టారూ

ప్రపంచంలో ఇంకెవరికీ వినపడని చప్పుడు చప్పుడాయనకి వినపడేది. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆయనకి వేరే ఉండేది గానీ, అది ఆస్పత్రి హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వాడుకలో లేదు. మోటార్ సైకిలు మీద కొండదారి ఎక్కుతూ ఏ పదో మలుపో తిరిగేసరికి వెనక నుంచి రెండు హారన్లు కొట్టేవాడు. తోటివాళ్ళు ఉసూరుమంటూ ఆగేవారు. ఆయన తాపీగా బండి పక్కకి తీసి, స్టాండు వేసి, హెల్మెట్ తీసి పెట్రోలు ట్యాంకు మీద బోర్లించి, తల ఓ పక్కకి వాల్చి, ఇంట్లో పడుకున్న పసిపిల్ల లేస్తుందేమో అన్నంత నెమ్మదిగా అనేవాడు.

"చప్పుడొస్తోంది, మాస్టారూ."

మాస్టారంటే స్టేషన్ మాస్టరు. సెలవు దొరికినప్పుడల్లా మోటార్ సైకిళ్ళేసుకుని కొండలెక్కే నలుగురికి ఆయన నాయకుడు. ముప్ఫై ఏళ్ళుగా రైళ్ళ మధ్య నిలబడి మాట్లాడిన మనిషి కాబట్టి, పక్కనున్న వాడితో మాట్లాడినా రెండో ప్లాట్‌ఫారం దాకా వినపడేది.

"ఏం చప్పుడయ్యా?"

"కటకటమని. గేరు మారేటప్పుడు."

"నాకేం వినపడలేదే."

"అవునండి. మీకు వినపడదు."

ఆ మాటకి స్టేషన్ మాస్టరుకి అరికాలి మంట నెత్తికెక్కేది. హెల్మెట్ తీసి, చేతి తొడుగులు లాగి, రెండు చేతులూ గాల్లోకి విసురుతూ పావుగంట పాటు తిట్టేవాడు. రైలుకైనా, బండికైనా, మనిషికైనా సమయం అనేది ఒకటుంటుందని, ఇలా మలుపుకోసారి ఆగితే కొండ ఎక్కడం కాదు, కొండ కింద కాపురం పెట్టుకోవాల్సి వస్తుందని. చప్పుడాయన ఆ తిట్లన్నీ వానలో గేదెలా నిలబడి విని, తిట్ల జోరు తగ్గాక హెల్మెట్ పెట్టుకునేవాడు.

"ఇప్పుడు రావట్లేదండి. పదండి."

బృందంలో మిగతా ఇద్దరు బేకరీ అక్కా, పోస్టుమాన్. బేకరీ అక్క తెల్లవారకముందే లేచి నాలుగు వందల బన్నులు కాల్చి, మిగిలిన రోజంతా మనుషుల్ని కాల్చుకు తినే మనిషి. పోస్టుమాన్ పెళ్ళికాని కుర్రాడు. ఎవరేం చెప్పినా ఔననడం అతని అలవాటు. మొదటి ఏడాది వాళ్ళిద్దరూ ఆ చప్పుడు వినడానికి నిజాయితీగానే ప్రయత్నించారు. ఎందుకంటే చప్పుడాయన పెద్దాస్పత్రిలో చెవి పరీక్షలు చేసే ఉద్యోగి. ఊళ్ళో సగం మంది చెవులు ఆయన చేతి మీదుగా వెళ్ళినవే. అలాంటి మనిషి చప్పుడుందంటే, లేదనడానికి ఎన్ని గుండెలుండాలి?

ఒకసారి పోస్టుమాన్ ధైర్యం చేశాడు.

"నాకూ వినపడింది అన్నయ్యా. వెనక చక్రం దగ్గర."

"వెనక చక్రం దగ్గర ఏమీ లేదు తమ్ముడూ," అన్నాడు చప్పుడాయన మర్యాదగా.

ఆ తర్వాత పోస్టుమాన్ వినడం మానేసి, ఆగినప్పుడల్లా బేకరీ అక్క సంచిలోంచి బన్నులు తీసి తినడం మొదలుపెట్టాడు. చప్పుడాయన బృందంలో చేరిన మూడేళ్ళలో అతను రెండు సైజులు పెరిగాడని, తపాలా శాఖ కొత్త యూనిఫారం కుట్టించాల్సి వచ్చిందని బేకరీ అక్క అంటుంది. ఆవిడ మాటల్లో సగం తీసేసినా ఒక సైజు మిగులుతుంది.

స్టేషన్ మాస్టరు చేతులు ముడుచుకుని కూర్చునే రకం కాదు. చప్పుడాయన బండిని స్వయంగా మెకానిక్కు దగ్గరికి తీసుకుపోయి ఇంజను విప్పించాడు. మెకానిక్కు రెండు రోజులు విప్పి, ఒక రోజు బిగించి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "బండికేం జబ్బు లేదు సార్, మనిషినే చూపించండి," అన్నాడు. స్టేషన్ మాస్టరు ఊరుకోలేదు. మరో మెకానిక్కు, తర్వాత మరొకడు. మూడుసార్లూ చప్పుడాయన షెడ్డు బయట బల్ల మీద కూర్చుని టీ తాగుతూ, బండి భాగాలన్నీ వరసగా నేల మీద పరుచుకోవడం ఆసక్తిగా చూశాడు. ఒక్కసారి కూడా అడ్డు చెప్పలేదు. ఒక్కసారి కూడా ఫలానా చోట చూడమనీ చెప్పలేదు.

నాలుగో వారం మళ్ళీ కొండదారి. పన్నెండో మలుపు. రెండు హారన్లు.

"చప్పుడొస్తోంది, మాస్టారూ."

ఇదంతా సరదాగానే గడిచిపోయేది, నడుమ కనుమ లేకపోతే.

ఊరికి పడమటగా ఉన్న పెద్ద కొండల మీద, రెండు శిఖరాల మధ్య రోడ్డు ఇటు నుంచి అటు దాటే చోటుంది. దాన్నే కనుమ అంటారు. అక్కడ నిలబడితే ఇటు లోయ, అటు లోయ రెండూ ఒకేసారి కనిపిస్తాయని చెప్తారు. చివరి పది కిలోమీటర్లు దారి మరీ ఇరుకు. ఎదురుగా బండొస్తే రెంటిలో ఒకటి లోయలోకి దిగాల్సిందే. అందుకని అక్కడొక గేటు పెట్టారు. మధ్యాహ్నం పన్నెండు దాకా ఎక్కే బండ్లు, పన్నెండు దాటితే దిగే బండ్లు. పన్నెండు గంటల ఒక్క నిమిషానికి వెళ్ళినా గేటు మనిషి టోపీ సర్దుకుని, రేపు రమ్మంటాడు.

స్టేషన్ మాస్టరు ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ పచ్చజెండా ఊపి లోకాన్నంతా ఎక్కడెక్కడికో పంపించాడు. తను మాత్రం ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయాడు. ఆ కనుమ ఒక్కటి దాటాలని ఆయన కోరిక. రెండేళ్ళు వరసగా ప్రయత్నించారు. మొదటి ఏడు గేటు దగ్గరికి చేరేసరికి పన్నెండూ పది. రెండో ఏడు పన్నెండూ ఇరవై. తప్పెవరిదో వేరే చెప్పక్కర్లేదు. ఓ గంట ముందు బయల్దేరితే ఏ గొడవా ఉండకపోను. కానీ స్టేషన్ మాస్టరు వేసిన టైం టేబుల్లో ఏడుంబావు అనుంది. టైం టేబుల్లో ఏడుంబావుంటే ఏడుంబావే. రైలు మారాలి గానీ టైం టేబుల్ మారకూడదు.

మూడో ఏడు వేసవిలో పిడుగులాంటి వార్త వచ్చింది. కొండ కింద తవ్వుతున్న సొరంగం పూర్తయింది. వానలు మొదలవగానే పాత రోడ్డు శాశ్వతంగా మూసేసి బండ్లన్నిటినీ సొరంగంలోంచి పంపిస్తారు. అంటే నెల రోజులు. ఆ తర్వాత కనుమ మేకలకే.

ఆ సాయంత్రం స్టేషన్ మాస్టరు బేకరీ వెనక గదిలో, పిండి బస్తాల మధ్య రహస్య సమావేశం పెట్టాడు. ఆయన రహస్యం వీధి చివరి దాకా వినపడింది.

"ఈసారి ముగ్గురమే వెళ్తున్నాం. వచ్చే ఆదివారం."

"అన్నయ్యకి చెప్పరా?" అంది బేకరీ అక్క.

"చెప్తే వస్తాడు. వస్తే చప్పుడొస్తుంది."

"అడిగితే ఏం చెప్తారు మాస్టారూ?"

"ఎవరడుగుతారు? పక్కవాడి గుండె కొట్టుకున్నా వినపడుతుందంటాడుగా. మనం అనుకున్నది కూడా వినే ఉంటాడు."

పోస్టుమాన్ ఔనన్నాడు. బేకరీ అక్క ఔననలేదు, కాదనలేదు. ఆ వారమంతా ఆవిడ బన్నుల్లో ఉప్పెక్కువైంది.

ఆదివారం ఏడుంబావుకి మూడు బండ్లు బయల్దేరాయి. స్టేషన్ మాస్టరు ముందు, బేకరీ అక్క రెండు, పోస్టుమాన్ మూడు. ఆకాశం కడిగిన పలకలా ఉంది. మొదటి పది మలుపులు వెన్నలో కత్తిలా సాగాయి. స్టేషన్ మాస్టరు గడియారం చూసుకున్నాడు. టైం టేబుల్ కంటే నాలుగు నిమిషాలు ముందు. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఆయన ఎరగని సుఖమది.

పదమూడో మలుపు దగ్గర వెనక నుంచి రెండు హారన్లు వినపడ్డాయి.

ఆయన ఆగి, అద్దంలోకి కాకుండా వెనక్కే తిరిగి చూశాడు. బేకరీ అక్క హెల్మెట్ అద్దం పైకెత్తి, చెప్పనా వద్దా అన్నట్టు నిలబడింది.

"ఏంటమ్మా?"

"కోప్పడకండి మాస్టారూ. ఏదో చప్పుడొస్తోంది."

"నీక్కూడా అంటుకుందా ఆ జబ్బు?"

"నా బండిలో కాదండి. మీ బండిలో. గేరు మార్చినప్పుడల్లా కటకటమని పళ్ళు కొరికినట్టు."

"నా బండికేం? నిన్ననే నూనె మార్పించాను. నాకే చప్పుడూ వినపడట్లేదు. పద పద."

ఆయన మళ్ళీ బయల్దేరాడు గానీ, ఎడమ చేతి వేళ్ళు తన మాట వినట్లేదన్న సంగతి అప్పటికే తెలుసు. క్లచ్ మీదుండే నాలుగు వేళ్ళూ తిమ్మిరెక్కి, ఎవరి వేళ్ళో అరువు తెచ్చుకుని తగిలించుకున్నట్టున్నాయి. ఇది పాత జబ్బే. నాలుగేళ్ళ కిందట బాగా బాధపెట్టేది. మూడేళ్ళ కిందట భార్య ఉన్ని తొడుగులు అల్లి ఇచ్చింది. అవి వేసుకున్నప్పటి నుంచి తగ్గిపోయింది. ఉన్నిలో ఎంత మహిమ ఉందో కనపడ్డవాడికల్లా చెప్పేవాడు. ఇప్పుడూ అవే తొడుగులు, అదే ఉన్ని. మహిమ మాత్రం పదమూడో మలుపు దగ్గర దిగిపోయింది.

పందొమ్మిదో మలుపు మహా నిటారు. మధ్యలో గేరు తగ్గించాలి. క్లచ్ సగమే వచ్చింది. బండి పళ్ళు కొరికి, ఎగిరి, ఆగిపోయింది. ఆగి వెనక్కి జారింది. స్టేషన్ మాస్టరు కంగారులో లోయ వైపు కాకుండా కొండ వైపు పడాలన్న తెలివి మాత్రం చూపించాడు. బండి నెమ్మదిగా గట్టుకి చేరగిలబడింది. ఆయన దాని మీద చేరగిలబడ్డాడు. దెబ్బ అద్దానికి తప్ప ఎవరికీ తగల్లేదు.

"చెయ్యి పట్టేసింది," అన్నాడు, తన జీవితంలో మొట్టమొదటిసారి నెమ్మదిగా.

"విదిలించండి మాస్టారూ," అంది బేకరీ అక్క. "వచ్చిన ప్రతిసారీ విదిలిస్తారుగా."

"నేనెప్పుడు విదిలించాను?"

"అన్నయ్యని తిట్టేటప్పుడు. తొడుగులు పీకేసి, ఇలా ఇలా అని పావుగంట ఊపేవారుగా. ఎడం చెయ్యే ఎక్కువ."

పోస్టుమాన్ బన్ను నమలడం ఆపాడు.

స్టేషన్ మాస్టరు చెయ్యి ఊపి చూశాడు. ఊరికే ఊపితే రక్తం కదల్లేదు. తిట్టాలి. పోస్టుమాన్‌ని తిట్టడానికి ప్రయత్నించాడు. "నువ్వు... ఎప్పుడు చూసినా తింటావు," అన్నాడు. పోస్టుమాన్ ఔనన్నాడు. ఔనన్నవాణ్ణి ఎంతసేపని తిడతారు? ఆ వేళ్ళకి ప్రాణం వచ్చేసరికి గంట పట్టింది. గేటు దగ్గరికి చేరేసరికి పన్నెండూ నలభై. చప్పుడాయన ఉన్నప్పుడు కూడా ఇంత ఆలస్యం కాలేదు.

గేటు మనిషి టోపీ సర్దుకున్నాడు. "నాలుగో ఆయన రాలేదేం?" అని అడిగాడు. స్టేషన్ మాస్టరు బండి వెనక్కి తిప్పాడు.

మర్నాడు స్టేషన్ మాస్టరు పెద్దాస్పత్రిలో చెవి పరీక్షల గది బయట బల్ల మీద, చీటీ పట్టుకుని తన వంతు కోసం కూర్చున్నాడు. క్షమించమని అడగడానికి వచ్చాడు గానీ, చేతిలో చీటీ ఉంటే మనిషికి కొంత మర్యాద. వంతు వచ్చింది. చప్పుడాయన ఆయన్ని చూసి ఆశ్చర్యపోలేదు. గోడలకి దూది మెత్తలు అతికించిన చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, తను గాజు పలక అవతలికి వెళ్ళి మైకులో మాట్లాడాడు.

"చప్పుడు వినపడగానే చెయ్యెత్తండి మాస్టారూ."

స్టేషన్ మాస్టరు ఎత్తాడు. మళ్ళీ ఎత్తాడు. తర్వాత కాసేపు నిశ్శబ్దం. ఇంతసేపు ఎత్తకపోతే ఏమనుకుంటాడోనని మళ్ళీ ఎత్తాడు. ఇంకోసారి, ఈసారి కాస్త ధీమాగా.

"ఇప్పుడు ఎత్తిన రెండుసార్లూ నేనేమీ పెట్టలేదండి," అంది హెడ్‌ఫోన్లలో గొంతు.

"మరి ఎందుకు పెట్టలేదు?"

"అందుకేనండి. లేనిది విన్నామని ఎత్తేవాళ్ళు చాలామంది ఉంటారు. చూడాలి కదా." ఆయన కాగితం మీద ఏదో గీత గీశాడు. "సన్నటి చప్పుళ్ళు మీకు అందట్లేదు. ముప్ఫై ఏళ్ళ రైలు కూతలు. మీ తప్పేం లేదు."

స్టేషన్ మాస్టరు కాసేపు దూది గోడ వైపు చూశాడు.

"గేరు కొరికే చప్పుడు సన్నటిదేనా?"

"సన్నటిదేనండి."

"మూడేళ్ళుగా నువ్వు విన్నది నా బండి చప్పుడా?"

"అవునండి. మీ వెనకే కదా వచ్చేది. మీ చెయ్యి మొద్దుబారితే క్లచ్ పూర్తిగా రాదు. గేరు అరుస్తుంది. అప్పుడు ఆపేవాణ్ణి."

"నీ బండిలో అన్నావు కదయ్యా."

"చప్పుడొస్తోంది అన్నానండి. నా బండిలో అని ఎప్పుడన్నాను?"

స్టేషన్ మాస్టరు మూడేళ్ళూ వెనక్కి నెమరేసుకున్నాడు. ఎక్కడ వెతికినా ఆ మాట దొరకలేదు.

"మూడుసార్లు ఇంజను విప్పించానే. అప్పుడైనా చెప్పొద్దూ?"

"మీరు అంత శ్రద్ధగా విప్పిస్తుంటే కాదనడం బాగోదనుకున్నాను. ఒకందుకు మంచిదే. బండి శుభ్రపడింది."

"మొదట్లోనే నోరు తెరిచి చెప్పి ఉండొచ్చుగా, మీ చెయ్యి బాలేదని."

"చెప్పానండి. బృందంలో చేరిన మొదటి ఆదివారమే అడిగాను, చెయ్యి నొప్పా అని. నా చేతికేం, ఉక్కు అన్నారు. అని ఆ రోజు రెండు గంటలు ఎక్కడా ఆపకుండా తోలారు." చప్పుడాయన మైకు కొంచెం దగ్గరికి జరుపుకున్నాడు. "ఇక్కడా అంతే మాస్టారూ. మీకు వినపడట్లేదు అని మొహం మీద చెప్తే ఆ మనిషి రెండోసారి రాడు. మా మిషనులో ఏదో తేడా ఉన్నట్టుంది, వచ్చే వారం ఇంకోసారి చూద్దాం అంటే వస్తాడు. ఇరవై ఏళ్ళుగా మా మిషను చెడిపోతూనే ఉందండి. పాపం అది కూడా ఏమీ అనుకోదు."

స్టేషన్ మాస్టరు చేతిలో చీటీని నాలుగు మడతలు పెట్టాడు. "నిన్న మేం ముగ్గురం..." అని మొదలుపెట్టాడు.

"తెలుసండి. ఏడుంబావుకి మా వీధి చివర నుంచి మూడు బండ్లు వెళ్ళాయి. మొదటిది మీది. బాల్కనీలోంచి విన్నాను. వెళ్ళేటప్పుడు గేరు బాగానే పడింది. వచ్చేటప్పుడు మాత్రం అద్దం గలగలలాడింది. పగిలిందా?"

"పగిలింది."

"మా వీధిలో ఒకాయన బిగిస్తాడు. సాయంత్రం వెళ్దాం."

బయట బల్ల మీద తర్వాతి మనిషి దగ్గాడు. స్టేషన్ మాస్టరు హెడ్‌ఫోన్లు తీసి, గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగాడు.

"ఆదివారం ఆరుంబావుకి."

చప్పుడాయన జీవితంలో మొదటిసారి తన చెవుల్ని తనే నమ్మలేదు. "ఏడుంబావు కదండీ?"

"ఆరుంబావు," అన్నాడు స్టేషన్ మాస్టరు. ఆస్పత్రంతా వినపడింది.

ఆ వారం కొత్త టైం టేబుల్ తయారైంది. దాని మీద, గేటు దాకా ఉన్న దారిలో, అయిదు చోట్ల పదేసి నిమిషాల హాల్టు. ఎందుకని అడిగిన పోస్టుమాన్‌తో స్టేషన్ మాస్టరు, "నా ఎడం చేతికి," అన్నాడు. ఆ మూడు మాటలు చెప్పడానికి ఆయన పడ్డ శ్రమ, కనుమ ఎక్కడానికి కూడా పడలేదని బేకరీ అక్క తర్వాత ఊరంతా చెప్పుకుంది. ఆ ఆదివారం దారిలో ఒక్క హారనూ మోగలేదు. హాల్టు వచ్చినప్పుడల్లా నాయకుడు దిగి, ఎవర్నీ ఏమీ అనకుండా, చెయ్యి ఊపుకుంటూ అటూ ఇటూ పచార్లు చేశాడు. తిట్లు లేకపోవడంతో మొదటి రెండు హాల్టుల్లో అందరికీ కాస్త బెరుగ్గా అనిపించింది. పదకొండూ నలభై అయిదుకి గేటు దాటారు.

కనుమ మీదికి చేరేసరికి పొగమంచు.

మామూలు మంచు కాదు. ముందు చక్రం కనపడని మంచు. ఇటు లోయా లేదు, అటు లోయా లేదు. ఒక రాతి గుట్టా, పక్కన సిమెంటు తిన్నె, ఎత్తు ఎంతో రాసిన పలకా ఉన్నాయి. పలక మీద అంకెలు చదవడానికి పోస్టుమాన్ దాన్ని చేత్తో తడిమాడు. నలుగురూ తిన్నె మీద వరసగా కూర్చున్నారు. మూడేళ్ళ తపస్సు చేసి వస్తే దేవుడు తెరేసుకుని కూర్చున్నట్టుంది.

"తెల్లగా బాగుంది," అంది బేకరీ అక్క.

చప్పుడాయన హెల్మెట్ తీసి, తల కొంచెం వాల్చాడు.

"ఎడం పక్క కింద నీళ్ళున్నాయి మాస్టారూ. వాగు. చిన్నది కాదు, రాళ్ళ మీంచి దూకుతోంది. దానికవతల చెట్లు, గాలి వాటిలోంచే వస్తోంది. కుడి పక్క బాగా లోతు. మేకలు... ఆరేడుంటాయి, ఒకదానికి గంట కట్టారు. ఇంకా కింద ఒక లారీ రెండో గేరులో ఎక్కుతోంది. డ్రైవరు మంచివాడే, ఇంజన్ని బాధపెట్టట్లేదు."

స్టేషన్ మాస్టరు కళ్ళు మూసుకుని విన్నాడు. చాలాసేపు విన్నాడు. బేకరీ అక్క, పోస్టుమాన్ కూడా ఆయన మొహం వైపే చూస్తున్నారు.

"నాకేం వినపడట్లేదయ్యా," అన్నాడు చివరికి.

"పర్లేదండి. చెప్తాను."

టైం టేబుల్ ప్రకారం కనుమ మీద వాళ్ళకున్నది ఎనిమిది నిమిషాలు. అవి ఎప్పుడో అయిపోయాయి. స్టేషన్ మాస్టరు గడియారం వైపు చూసి, దాని మీదికి చొక్కా చెయ్యి లాక్కున్నాడు.

"ఆ గంట కట్టిన మేక," అన్నాడు, "అదిప్పుడెక్కడుంది?"